పెద్దబడి, చిన్నబడి

ఇంగ్లీషు క్యాపిటల్ అక్షరాలను మన పల్లెల్లో ‘పెద్దబడి’ అంటారు, స్మాల్ అక్షరాలను ‘చిన్నబడి’ అంటారు. కనిగిరి లాంటి ఊళ్లో దరఖాస్తు నింపేటప్పుడు ‘పేరు పెద్దబడిలో రాయమ్మా’ అంటే చాలు, ఇంకేమీ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంగ్లీషువాళ్ల ‘అప్పర్‌కేస్’, ‘లోయర్‌కేస్’ అచ్చాఫీసులో పుట్టాయి. సీసపు అక్షరాలు పోసే అరల పెట్టెను కేసు అనేవారు. క్యాపిటళ్లు పై పెట్టెలో, తరచూ అవసరమయ్యే చిన్నవి చేతికి దగ్గరగా కింది పెట్టెలో ఉండేవి.

పెట్టెలు పోయినా పేర్లు కంప్యూటర్‌లోకి వచ్చాయి. కంప్యూటర్‌లో ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఇచ్చే ఆస్కీ పట్టిక 1963 నాటి రూపంలో పెద్దబడి మాత్రమే ఉంది. చిన్నబడి 1967లో స్థిరపడింది. పెద్ద ‘ఏ’ సంఖ్య 65, చిన్న ‘ఏ’ 97. ఏ జంట చూసినా తేడా 32. అంటే ఆ సంఖ్యను సున్నాలు, ఒకట్లుగా రాస్తే ఒకే ఒక్క అంకె (బిట్) మారితే బడి మారిపోతుంది. ఎంత చక్కటి అమరికో!

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ‘అప్పర్’ అని పిలిస్తే ఇంగ్లీషు చిన్నబడిలో రాసిన కనిగిరి మొత్తం పెద్దబడి అవుతుంది, మొదటి ‘కె’ 107 నుంచి 75కు దిగుతుంది. ఈ పని అలంకారానికి కాదు. ఒక జాబితాలో ఊరి పేరు పెద్దబడిలోనూ, ఇంకోదాంట్లో చిన్నబడిలోనూ ఉంటే యంత్రానికి అవి రెండు ఊళ్లు. అందుకే పోల్చేముందు రెండింటినీ ‘లోయర్’ చేస్తారు.

అన్ని అక్షరాలకూ 32 లెక్క కుదరదు. జర్మన్ ‘ఎస్‌జెట్’ అక్షరాన్ని ‘అప్పర్’ చేస్తే రెండు ‘ఎస్’లు అవుతాయి. తెలుగులో రాసిన ‘కనిగిరి’ మాత్రం ఏం చేసినా అలాగే ఉంటుంది, మన లిపికి ఒకటే బడి.