చక్కబడిన గీత, ఆగిన గుండె

గుండెపోటు నుంచి కోలుకున్నవారిలో కొందరు ఇంటికి వెళ్లాక హఠాత్తుగా చనిపోయేవారు. ఈసీజీలో మధ్యమధ్య కనిపించే అదనపు స్పందనలు ఆ ముప్పుకు సూచనలని 1970ల నాటికే వైద్యులు గుర్తించారు. నార్మన్ హోల్టర్ రూపొందించిన, ఒంటికి తగిలించుకుని తిరిగే రికార్డరు వచ్చాక రోజు మొత్తంలో అలాంటివి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టడం సాధ్యమైంది. మందు వేశాక ఆ లెక్క తగ్గితే ప్రాణం నిలిచినట్టేనన్న నమ్మకం స్థిరపడింది.

ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది 1987లో అమెరికాలో మొదలైన కాస్ట్ అధ్యయనం. మందుతో ఈసీజీ మెరుగుపడినవారినే ఎంచుకుని, సగం మందికి ఎన్‌కైనైడ్ లేదా ఫ్లెకైనైడ్, మిగతావారికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 1991లో ప్రచురించిన లెక్కలు వైద్యలోకాన్ని కుదిపేశాయి: సగటున 10 నెలల్లో మందు వాడిన 755 మందిలో 63 మంది, ఉత్తుత్తి మాత్ర వాడిన 743 మందిలో 26 మంది మరణించారు. కాగితం మీద గీత చక్కబడినవారే ఎక్కువగా చనిపోయారన్నమాట.

ఈ మందులు సోడియం మార్గాలను అడ్డుకుని, గుండె కండరంలో విద్యుత్ ప్రసారాన్ని నెమ్మదింపజేస్తాయి. ఈసీజీలో క్యూఆర్‌ఎస్ భాగం వెడల్పు కావడం ఇందుకు గుర్తు. గుండెపోటు మచ్చ ఉన్నచోట ఆ మందగమనమే ప్రాణాంతకమైన సుడి లయకు దారితీయవచ్చు. ఎన్‌కైనైడ్ మార్కెట్ నుంచి తప్పుకుంది. ఫ్లెకైనైడ్ నేటికీ వాడుకలో ఉంది, అయితే గుండె నిర్మాణంలో లోపం లేనివారికే.