గుత్తి బురుజు మీద ఫిరంగి వెనుతన్ను

గుత్తి కోట నిలిచిన బండకొండ చుట్టుపక్కల మైదానం కంటే దాదాపు వెయ్యి అడుగులు ఎత్తు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూసే అనంతపురం మెట్టసీమలో, అంత ఎత్తున రాతిని తొలిచిన బావులు, ఒకదాని వెనుక ఒకటిగా ద్వారాలు, వాటిని కాచే బురుజులు ఉన్నాయి. 18వ శతాబ్దంలో ఇది మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే స్థావరం. 1751లో ఆర్కాటు కోటలో చిక్కుకున్న క్లైవుకు సాయంగా కదిలిన గుర్రపు దండు ఆయనదే. ఇటువంటి దుర్గాల గురించి రాసేటప్పుడు మనవాళ్లు ఫిరంగి గుండు ఎంత దూరం పోయేదో చెబుతారు. పేలిన మరుక్షణం ఆ ఫిరంగి ఎటు పోయేదో చెప్పరు. ఇది చిన్న లోపం కాదని నా అభిప్రాయం. ఏ బురుజు మీద ఎంత పెద్ద ఆయుధం పెట్టగలరో తేల్చింది చాలావరకు ఆ వెనుతన్నే.

లెక్క కష్టమైనది కాదు. ఆ కాలపు తొమ్మిది పౌన్ల ఫిరంగి గుండు నాలుగు కిలోల ఇనుము. అది సెకనుకు 450 మీటర్ల వేగంతో బయటపడిందనుకుందాం. ఫిరంగి, బండి కలిపి 1,200 కిలోలున్నా, మందు ఆవిరి తోపును వదిలేసి చూసినా, ఆ బరువంతా సెకనుకు ఒకటిన్నర మీటర్ల వేగంతో వెనక్కి కదులుతుంది. మైదానంలో అయితే బండిని దొర్లనిస్తారు. కొన్ని అడుగులు పోయి ఆగుతుంది, గోలందాజులు దాన్ని ముందుకు నెట్టి మళ్లీ గురి చూసుకుంటారు. బురుజు మీద అంత చోటు దొరకదు. వెనక నేలను కాస్త ఏటవాలుగా ఎత్తు చేయడం, మోకులు కట్టడం, చక్రాల కింద చెక్కలు పెట్టడం వంటి ఉపాయాలు లోకమంతటా వాడుకలో ఉన్నవే. బండిని కదలకుండా బిగించేస్తే మాత్రం దెబ్బంతా ఇరుసు మీద, కొయ్య మీద పడుతుంది. ఎండకు కొయ్య ఎండి చక్రాల పట్టాలు వదులయ్యే సీమలో ఆ దెబ్బ ఇంకా ప్రమాదం.

కొండకోటకు మరో చిక్కుంది. కింద ఉన్న శత్రువును కొట్టాలంటే గొట్టం మూతి వంచాలి. అప్పుడు తన్ను వెనక్కే కాక పైకి కూడా లేస్తుంది. బండి ముందు చక్రాలు నేల విడుస్తాయి. 1782లో జిబ్రాల్టర్ ముట్టడిలో ఇదే ఇబ్బంది ఎదురైనప్పుడు, కోలర్ అనే ఆంగ్ల ఫిరంగిదళ అధికారి బండి నిలిచి ఉండగా గొట్టం మాత్రమే పట్టాల మీద వెనక్కి జారే ఏర్పాటు చేశాడు. తర్వాత వందేళ్లకు పైగా ఫిరంగుల రూపకల్పన నెమ్మదిగా ఆ ఆలోచన దగ్గరికే నడిచింది. 1897 నాటి ఫ్రెంచి 75 మిల్లీమీటర్ల ఫిరంగిలో నూనె, గాలి కలిసి గొట్టాన్ని ఆపి తిరిగి ముందుకు తెచ్చేవి; బండి కదలదు గనుక ప్రతిసారీ మళ్లీ గురి పెట్టనక్కరలేదు.

ఫిరంగికీ తుపాకికీ నడుమ జెజాయిలు ఉండేవి. భుజాన పెట్టి కాల్చలేనంత లావు గొట్టాలవి. గోడ అంచుకు ఆనించో, కొయ్య కాలు మీద తిప్పేలా అమర్చో పేల్చేవారు. ఒంటె మీద కట్టినవీ ఉన్నాయి. మనిషి ఎముక ఓర్చలేని తన్నును గోడకూ జంతువుకూ అప్పగించడమే వాటి కిటుకు. బురుజులు ఇరుకైన కొండకోటలకు ఇవి ఎంతో అనువైనవి.

ఈ తన్నును మొదట శ్రద్ధగా కొలిచినవారిలో బెంజమిన్ రాబిన్స్ ముఖ్యుడు. ఆయన తుపాకి గొట్టాన్ని లోలకానికి వేలాడదీసి, గుండుతో ఒకసారి, ఉత్త మందుతో ఒకసారి పేల్చి, అది ఎంత ఊగిందో చూశాడు. 1742లో ఆయన పుస్తకం వెలువడింది. ఈస్టిండియా కంపెనీ కోటలను సరిదిద్దడానికి 1750లో మన కోరమండల్ తీరానికి వచ్చి, మరుసటి ఏడు కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు. మరుసటి పాతికేళ్లలో దక్కను కోటల మీద పేలిన ఫిరంగులను ఆయన కొలవగలిగి ఉంటే ఎంత బాగుండేదో!

1775లో హైదర్ అలీ బళ్లారిని పట్టుకుని గుత్తి మీదికి తిరిగాడు. ఊరు, దిగువ కోట ముందు పోయాయి. పై దుర్గం నెలల తరబడి నిలిచింది. మైసూరు చరిత్ర రాసిన విల్క్స్ కథనం ప్రకారం, సంధి మాటల్లో జామీనుగా వచ్చిన ఒక యువకుడి నోట, పైన నీళ్లు అడుగంటాయన్న సంగతి హైదర్‌కు తెలిసిపోయింది. 1776లో కోట లొంగింది. మురారిరావు కబ్బాల దుర్గంలో బందీగా మరణించాడు. ఫిరంగులు తేల్చలేని పోరును దాహం తేల్చింది.

తర్వాతి శతాబ్దంలో లావు గొట్టం చేతిలోకి దిగింది. 1887లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న .455 వెబ్లీ రివాల్వరు గుండు 17 గ్రాములు, వేగం సెకనుకు 180 మీటర్లకు కాస్త పైన, పిస్తోలు సుమారు కిలో. అదే లెక్క వేస్తే ఆ పిస్తోలు సెకనుకు మూడు మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది, ఫిరంగి కంటే రెట్టింపు. గొట్టం మణికట్టు కంటే పైన ఉంటుంది గనుక మూతి పైకి లేస్తుంది. పిడిని వీలైనంత పైన పట్టడం, మణికట్టు బిగించడం, ఒంటి బరువు ముందుకు వంచడం తప్ప మార్గం లేదు. 1955లో వచ్చిన .44 మాగ్నమ్‌లో గుండు మోసుకుపోయే తోపు వెబ్లీకి రెట్టింపు దాటింది. దాదాపు అదే కాలంలో కాలిఫోర్నియాలో జాక్ వీవర్ అనే పోలీసు ఉద్యోగి కుడిచేత్తో ముందుకు తోస్తూ ఎడమచేత్తో వెనక్కి లాగే రెండు చేతుల పట్టును పోటీల్లో నెగ్గి చూపించాడు. ఒలింపిక్ పిస్తోలు పోటీల నియమం మాత్రం ఇప్పటికీ ఒంటి చెయ్యే. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం గెలిచిన 25 మీటర్ల పిస్తోలు పోటీలో ఆయుధం చిన్న .22దే. అయినా వేగపు దశలో ఒక్కో గుండుకు దొరికేది మూడు సెకన్లు. ప్రతి గుండుకూ చెయ్యి దించి, మళ్లీ ఎత్తి, అదే చోట గురి నిలపాలి.