కత్తికి అందని కదలిక

శవాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, వట్టివేళ్ల కుంచెతో మెల్లగా రుద్దుతూ పొర తర్వాత పొర చూడమంది సుశ్రుత సంహిత. దేహంలో 500 పేశులు, అంటే కండరాలు, ఉన్నాయని లెక్క కూడా చెప్పింది.

రోమ్‌లో వైద్యుడు గాలెన్‌కు, 2వ శతాబ్దంలో, మనిషి శవాన్ని కోసే వీలు లేదు. కోతుల్ని కోశాడు. కానీ కోతి ఒళ్లూ మన ఒళ్లూ ఒకటి కాదు. తొడ వెనక మనకున్నవి మూడు కండరాలు: సెమీటెండినోసస్, సెమీమెంబ్రనోసస్, బైసెప్స్ ఫెమోరిస్. మూడూ కూర్చున్నప్పుడు పీటకు ఆనే ఎముక దగ్గర పుట్టి, మోకాలు దాటి కింది ఎముకల్ని పట్టుకుంటాయి. బైసెప్స్‌కు తొడ ఎముక నుంచి వచ్చే పొట్టి పాయ మరొకటి ఉంది. మకాక్ కోతికి ఆ పాయే లేదు. అయినా గాలెన్ రాతలే పదమూడు వందల ఏళ్లు ప్రమాణమయ్యాయి.

1543లో వెసాలియస్, 1747లో ఆల్బినస్ అనే శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు మనిషి శవాలే చూసి అచ్చువేయించిన బొమ్మలు ఈనాటికీ కళ్లప్పగించి చూసేలా ఉంటాయి. కానీ చచ్చిన కండరం ఎక్కడుందో చెబుతుంది, ఏం చేస్తుందో చెప్పదు. పారిస్‌లో డుషెన్ అనే వైద్యుడు బతికున్నవాళ్ల చర్మం మీద కరెంటు తాకించి, ఒక్కో కండరాన్నీ కదిలించి చూశాడు. ఆ ఫలితాల పుస్తకం 1867లో వచ్చింది.

నా దృష్టిలో అసలు మలుపు 1903. కుర్చీలోంచి లేస్తూ ఒక చెయ్యి తొడ ముందు, ఇంకో చెయ్యి తొడ వెనక పెట్టి చూడండి. రెండు వైపులా కండరం బిగుస్తుంది. ముందుది మోకాలిని చాపేది, వెనకది మడిచేది. మరి మనం లేవగలుగుతున్నదెలా? మిషిగన్ యూనివర్సిటీలో ఫిజియాలజీ చెప్పే వారెన్ లొంబార్డ్ లేవనెత్తిన ప్రశ్న ఇది. వెనక కండరాలకు తుంటి దగ్గర పట్టు ఎక్కువ, మోకాలి దగ్గర తక్కువ. ముందరివాటికి మోకాలి దగ్గరే బలం. అందుకే రెండూ కలిసి లాగితే తుంటి, మోకాలు రెండూ నిటారవుతాయి. ఒక్కో కండరానికీ ఒక్కో పని అంటగట్టే అలవాటుకు ఇక్కడే గండిపడింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, కృత్రిమ కాళ్ల తయారీ కోసం బర్క్‌లీలో నడకను విద్యుత్ సంకేతాలతో కొలిచారు. ముందుకు ఊగే కాలికి, మడమ నేలను తాకే ముందు, బ్రేకు వేసేది తొడ వెనక కండరాలేనని అందులో తేలింది. పరుగులో సాగుతూనే బిగుసుకోవాల్సిన ఆ క్షణంలోనే ఇవి ఎక్కువగా చిరుగుతాయి, ముఖ్యంగా బైసెప్స్ పొడుగు పాయ. అందుకే మోకాళ్ల మీద నిలబడి, చీలమండల్ని ఎవరైనా పట్టుకోగా, ఒళ్లు మెల్లగా ముందుకు వాల్చే నార్డిక్ వ్యాయామం వచ్చింది. డెన్మార్క్‌లో 942 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లతో చేసి 2011లో ప్రచురించిన పరీక్షలో, ఆ వ్యాయామం చేసినవాళ్లకు ఈ గాయాలు బాగా తగ్గాయి.