నేలపట్టు గూళ్లు, పులికాట్ నీళ్లు

1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డాన్ ఇక్కడి జీవజాలం గురించి యానాదుల దగ్గర చాలా నేర్చుకున్నాడు. 1862–64 మధ్య వెలువడిన తన పక్షి గ్రంథంలో, అప్పట్లో కర్నాటిక్ అనే తీర మైదానంలో ఒక ఊరి నడుమ చెట్ల మీద గూడబాతులు తరతరాలుగా గూళ్లు కడుతున్న సంగతి రాశాడు. పెద్ద పక్షులు మనుషుల మధ్య కాపురం పెట్టడం ఈ తీరానికి కొత్త కాదన్నమాట.

అయితే అలాంటి కాపురాలన్నీ నిలవలేదు. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ కొల్లేరు ప్రాంతంలో చూసిన గూడబాతుల స్థావరం 1970ల నాటికి ఖాళీ అయిపోయింది. సూళ్లూరుపేటకు ఉత్తరాన ఉన్న నేలపట్టు స్థావరం మాత్రం నిలిచింది. ఈశాన్య రుతుపవనాలతో చెరువు నిండగానే నీళ్లలోని కడప చెట్లపై గూళ్లు వెలుస్తాయి. రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువని రైతుల నమ్మకం. పక్షి జోలికి పోవద్దనే ఊరి కట్టుబాటులో దయ ఎంత ఉందో, సేద్యం లెక్క అంత ఉంది. నా దృష్టిలో అదే దాని బలం.

1976లో నేలపట్టు, పులికాట్ సరస్సు రెండూ అభయారణ్యాలయ్యాయి. నేలపట్టు విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. గూళ్లకు కాపలా కుదిరింది కానీ, గూడబాతుల మేత చాలావరకు పులికాట్‌లోనే. కాళంగి నది తెచ్చే మంచినీరు, సముద్రపు పోటు కలిస్తేనే ఆ సరస్సులో చేప పెరుగుతుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మీదుగా వేసిన రోడ్డు నీటి రాకపోకలకు అడ్డుపడింది. రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోట దీవి నుంచి యానాది కుటుంబాలను ఖాళీ చేయించారు. మనుషుల ప్రవేశం కట్టుదిట్టం కావడంతో అక్కడి అడవి మాత్రం గొడ్డలి వేటు నుంచి తప్పించుకుంది. ఈ లాభనష్టాలను ఒకే పద్దులో వేయడం న్యాయం కాదు.

1990లలో రొయ్యల గుంటలు నెల్లూరు తీరాన్ని ముంచెత్తాయి. దశాబ్దం నడిమికే తెల్లమచ్చ తెగులు రొయ్య రైతులను కూల్చింది. సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు, చిలికా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపు రొయ్యల చెరువులు ఉండరాదని తీర్పిచ్చింది. 2005 నాటి కోస్తా ఆక్వాకల్చర్ చట్టం అనుమతుల పద్ధతి తెచ్చింది. దాంతో తీర్పు పదును కొంత మొద్దుబారింది.

ఇక మిగిలింది పులికాట్ సముద్రంతో కలిసే ముఖద్వారం. రాయదొరువు దగ్గర ఇసుక మేటవేస్తే పోటునీరు లోపలికి రాదు, వేసవిలో సరస్సు బీటలు తీస్తుంది. వేట స్థలాలను వంతులవారీగా పంచుకునే ‘పాడు’ అనే కట్టుబాటుతో బతికిన జాలరులు పూడిక తీయమని ఏళ్లుగా అడుగుతున్నారు. దాన్ని మత్స్యకారుల కోరికల జాబితాలో పడేయడం తప్పు. అభయారణ్యం ఖర్చులో మొదటి పద్దు అదే కావాలి.