గాజుపెట్టెలో మొక్క, ఓడ అడుగున మనిషి

ఈ మధ్య మా కొడిమ్యాలలో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. ఇత్తడి బిందెలు, స్టీలు గిన్నెలు, గోడ గడియారాలు పేర్చిన చోట ఒక కొత్త కానుక కనిపించింది. అది మూత బిగించిన గాజు సీసా. అడుగున గులకరాళ్ళు, వాటి మీద బొగ్గు ముక్కలు, ఆపైన మట్టి, నాచు, రెండు ఫెర్న్ మొక్కలు. టెర్రేరియం అంటారట. హైదరాబాదులో ఉద్యోగం చేసే మేనల్లుడు తెచ్చాడు. "దీనికి రోజూ నీళ్ళు పోసే పనిలేదు అత్తమ్మా, ఊకే చూసుకుంట ఉంటే చాలు" అన్నాడు. ఆమె సీసాను అటూ ఇటూ తిప్పి చూసింది. "నీళ్ళు పొయ్యకపోతే ఎట్ల బతుకుతదిరా అల్లుడా? అసలు మొక్కను సీసల పెట్టుడు ఎవలికి అక్కెరపడ్డది?" అని అడిగింది.

ఆమె వేసినవి రెండు ప్రశ్నలు. మొదటిదానికి ప్రకృతి శాస్త్రం సమాధానం చెబుతుంది. రెండవదానికి చరిత్రే సమాధానం చెప్పాలి. అలంకార వస్తువుల గురించి మనకెందుకు, అది తీరికగల వర్గాల ముచ్చట అని మన మిత్రులు కొందరు అనవచ్చు. కాని ఒక వస్తువు అలంకారంగా మారకముందు ఏ పని చేసిందో విచారించకుండా దాన్ని తోసిపుచ్చడం కూడ ఒక రకమైన అజ్ఞానమే. ఈ సీసా పూర్వం చేసిన పని సామాన్యమైనది కాదు. ఖండాంతరాల పంటలను తారుమారు చేసింది. ఆ పంటల వెంట మన తెలుగు కూలీలను కూడ సముద్రాలు దాటించింది.

ముందు మొదటి ప్రశ్న చూద్దాం. మొక్క వేళ్ళతో పీల్చిన నీటిలో అధికభాగాన్ని ఆకుల గుండా ఆవిరిగా వదులుతుంది. బయట అయితే ఆ ఆవిరి గాలిలో కలిసిపోతుంది. మూసిన సీసాలో అది చల్లని గాజుకు తగిలి బొట్లుగా మారి, జారి మళ్ళీ మట్టినే చేరుతుంది. వెలుగు ఉన్నంతసేపు మొక్క బొగ్గుపులుసు గాలిని గ్రహించి ప్రాణవాయువును వదులుతుంది. రాత్రింబవళ్ళు మొక్కా, మట్టిలోని సూక్ష్మజీవులూ శ్వాసించి ఆ బొగ్గుపులుసు గాలిని తిరిగి ఇస్తాయి. మేఘమూ, వానా, నేలా కలిసి చేసే పనిని ఆ జానెడు సీసా చేసుకుంటుంది. దీనికి వెలుగు మాత్రం తప్పనిసరి. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలి. కథంతా దాని మీదనే తిరుగుతుంది.

ఈ విషయాన్ని ప్రపంచానికి చాటినవాడు నథానియల్ బ్యాగ్‌షా వార్డ్ (1791-1868) అనే వైద్యుడు. లండన్ తూర్పు భాగంలో, రేవులకు దగ్గరగా, వెల్‌క్లోజ్ స్క్వేర్‌లో ఉండేవాడు. అది శ్రామికులు కిక్కిరిసి బతికిన ప్రాంతం. బొగ్గు పొగకు అతని పెరట్లో ఫెర్న్ మొక్కలు ఒక్కటీ నిలువలేదు. 1829లో అతడు ఒక పురుగు ప్యూపా నుంచి రెక్కల పురుగు ఎలా బయటపడుతుందో చూడాలని దాన్ని తడిమట్టిలో ఉంచి సీసాకు మూత పెట్టాడు. పురుగు సంగతి అటుంచితే, ఆ మట్టిలో ఒక ఫెర్న్, ఒక గడ్డిపరక మొలిచాయి. పెరట్లో చచ్చిన జాతి సీసాలో సుమారు నాలుగేళ్ళు బతికింది. మూత తుప్పుపట్టి వాననీరు లోపలికి దిగిన తరువాతనే చచ్చింది.

పట్టణపు పొగ నుంచి మొక్కను కాపాడిన గాజు, సముద్రపు ఉప్పుగాలి నుంచి కూడ కాపాడగలదని వార్డ్ గ్రహించాడు. 1833లో రెండు గాజుపెట్టెల నిండ మొక్కలు పెట్టి సిడ్నీకి ఓడలో పంపాడు. నెలల తరబడి ప్రయాణం సాగినా మొక్కలు పచ్చగానే చేరుకున్నాయి. 1834లో అవే పెట్టెలు ఆస్ట్రేలియా మొక్కలతో తిరిగివచ్చాయి. దారిలో మంచు కురిసిన చలినీ, భూమధ్యరేఖ దగ్గరి ఎండనూ అవి తట్టుకున్నాయి. లండన్‌లోని లాడిజెస్ నర్సరీవారు దూరదేశాల నుంచి వచ్చే మొక్కల్లో ఇరవైకి పందొమ్మిది చచ్చేవని, ఈ పెట్టెల వల్ల ఇరవైకి పందొమ్మిది బతుకుతున్నాయని చెప్పారు. ఈ లెక్కను కూడ పాఠకులు మనసులో పెట్టుకోవాలి.

వార్డ్ 1842లో తన ప్రయోగాలను పుస్తకంగా అచ్చువేశాడు. అందులో పట్టణ పేదల జీవితం బాగుచేయడానికి ఈ పెట్టెలు ఎలా తోడ్పడగలవో చెప్పే అధ్యాయం ఒకటి ఉన్నది. ఆ వైద్యుని సద్భావాన్ని శంకించనక్కరలేదు. కాని గాజు మీద బరువును బట్టి సుంకం ఉన్న దేశంలో పేదవాని కిటికీకే గాజు కరువు, ఇక మొక్కకు ఎక్కడిది? 1845లో ఆ సుంకం రద్దయింది, గాజు చవకైంది. అయినా ఈ పెట్టెలు చేరినవి శ్రామికుల కొంపలకు కావు, సంపన్నుల హాళ్ళకు. ఫెర్న్ మొక్కల కోసం అడవులు, కొండలు గాలించే వెర్రి బయలుదేరింది. 1855లో చార్లెస్ కింగ్‌స్లీ ఆ వెర్రికి ఒక పేరు కూడ పెట్టాడు. మన గృహప్రవేశంలో కనిపించిన కానుక ఈ శాఖకు చెందిన వారసురాలు.

రెండవ శాఖ తోటల శాఖ. దాని ప్రభావం మన నేలను నేరుగా తాకింది.

గాజుపెట్టెకు చాలా ముందే, 1781లో విలియం రాక్స్‌బర్గ్ అనే కంపెనీ వైద్యుడు గోదావరి ప్రాంతంలోని సామర్లకోటకు వచ్చాడు. 1793లో కలకత్తా వెళ్ళేదాక అక్కడ తోట పెంచి, మన మొక్కలను వర్ణించి, దేశీయ చిత్రకారులచేత బొమ్మలు వేయించాడు. ఆ మొక్కల్లో సోమిద ఒకటి. దాని బెరడు జ్వరానికి పనిచేస్తుందని, దక్షిణ అమెరికా సింకోనాకు బదులు వాడవచ్చని రాక్స్‌బర్గ్ ప్రచారం చేశాడు. ఆ చెట్టు శాస్త్రీయ నామంలో ఈనాటికీ తెలుగు మాట నిలిచి ఉన్నది: సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. జ్వరహారి అని దాని రెండవ మాటకు అర్థం. మన పల్లెవాసుల జ్ఞానం లాటిన్ పుస్తకమెక్కింది. కాని దాన్ని పుస్తకానికి అందించిన పల్లెవాసి పేరు అందులో లేదు.

సోమిద బెరడు సింకోనా స్థానాన్ని భర్తీచేయలేకపోయింది. మలేరియా సైనికులను, అధికారులను కూల్చుతున్నంతకాలం క్వినైన్ లేనిదే పాలన సాగదు. 1860లో క్లెమెంట్స్ మార్ఖామ్ దక్షిణ అమెరికా నుంచి సింకోనా మొక్కలను గాజుపెట్టెల్లో బయలుదేరదీశాడు. ఎర్రసముద్రపు ఎండకు అవి దెబ్బతిన్నాయి. రిచర్డ్ స్ప్రూస్ ఈక్వడార్‌లో సేకరించిన ఎర్రబెరడు రకం మాత్రం 1861లో నీలగిరులకు చేరి వేళ్ళూనింది. ఆ తోటల్లో ఖైదీలచేత చాకిరీ చేయించారు. ఆ తరువాత 1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది మన సికింద్రాబాదులోనే. శాస్త్రం మనుషులందరికీ ఉపకారమే చేసింది. అయితే ఆ ఉపకారం ఎవరికి ముందు అందాలో నిర్ణయించింది శాస్త్రం కాదు, అధికారం.

రబ్బరు కథ ఇంకా స్పష్టమైనది. 1876లో హెన్రీ విక్హామ్ బ్రెజిల్ నుంచి సుమారు 70,000 రబ్బరు గింజలు లండన్‌లోని క్యూ తోటకు చేర్చాడు. మొలిచినవి కొద్దివే. వాటిలో సుమారు 1,900 మొక్కలను ఆ ఏడే గాజుపెట్టెల్లో సింహళానికి పంపారు. 1877లో 22 మొక్కలు సింగపూరు చేరాయి. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో మోటారు బండ్లకు చక్రాలు కావలసివచ్చేసరికి మలయా అంతా రబ్బరు తోటలయ్యింది.

చెట్టు తనంతట తాను పాలు పిండుకోదు కదా! తెల్లవారకముందే లేచి, చల్లదనం ఉండగానే చెట్టుకు గాటుపెట్టి, పాలు పట్టే చేతులు కావాలి. ఆ చేతుల్లో అధికభాగం తమిళులవి. విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుంచి వెళ్ళిన తెలుగువారివి కూడ ఉన్నాయి. ఒప్పందపు కూలి పద్ధతి మలయాలో 1910లో అంతమైనా, కంగాణీల ద్వారా కూలీలను తీసుకుపోవడం 1938 దాక సాగింది. అడవి నరికిన తోటల్లో మలేరియా విజృంభించి వేలమందిని బలిగొన్నది. వారి సంతానమే ఇప్పుడు మలేషియాలో తెలుగు మాట్లాడుతున్నది.

ఇక్కడ ఆ ఇరవైలో పందొమ్మిది లెక్కను మళ్ళీ తీద్దాం. గాజుపెట్టెలో మొక్కల నష్టం నూటికి అయిదు. 1856-57లో కలకత్తా నుంచి వెస్టిండీస్‌కు వెళ్ళిన ఒప్పందపు కూలీల ఓడల్లో మరణాలు సగటున నూటికి పదిహేడు. అవి అంటురోగాల వల్ల మరీ ఘోరమైన సంవత్సరాలు, నిజమే. అన్ని ఏళ్ళకూ ఆ లెక్క వర్తించదు. కాని ఓడలో ఎవరిని ఎక్కడ ఉంచారో చూడండి. వెలుగు లేనిదే మొక్క బతకదు గనుక గాజుపెట్టెను డెక్కు మీద పెట్టేవారు, అలలు తగులకుండ చూసేవారు. కూలీల పడక డెక్కు కింద, చీకటిలో, ఇరుకులో. మొక్కకు ఏమి కావాలో విచారించిన శాస్త్రం మనిషికి ఏమి కావాలో ఎరుగకపోలేదు. మొక్క చస్తే పెట్టుబడి నష్టం. మనిషి చస్తే మరొక మనిషి రేవులో నిలబడి ఉండేవాడు. తేడా అంతా ఇక్కడ ఉన్నది.

ఇది గడిచిపోయిన కథ అని పుస్తకం మూసేద్దామా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు పోయిన మనిషి లేని ఊరు అరుదు. నా తరగతిలో హాజరు పిలిచేటప్పుడు ఎదురుగా కూర్చున్న పిల్లల్లో తండ్రిని వీడియోలో మాత్రమే పెద్దగా ఎరిగినవాళ్ళు కొందరుంటారు. ఆ తండ్రులు ఎడారిలో గాజు మేడలు కట్టారు. ఆ మేడల లోపల చల్లని గాలి, తగినంత తేమ, కుండీల్లో పచ్చని మొక్కలు. కట్టినవాడు గాజుకు బయట, ఎండలో. వార్డ్ సీసా అంత పెద్దదైనా దాని నియమం మారలేదు.

మరి ఆ కానుకను ఏమి చేయాలి? పారేయమని నేను చెప్పను. పగ సీసా మీద కాదు. ఆ అత్తమ్మకు నేను చెప్పింది ఇది: వెలుగు తగిలే చోట పెట్టు, నేరుగా ఎండలో మాత్రం పెట్టకు. మన ఎండాకాలంలో లోపలి వేడి బయటికి పోక మొక్క ఉడికిపోతుంది. గాజు మీద నీటి బొట్లు మరీ దట్టమైతే కొంతసేపు మూత తీయి, బొత్తిగా కనిపించకపోతే నాలుగు చుక్కలు పోయి. కుళ్ళిన ఆకును వెంటనే తీసేయి. తేమను కోరే ఫెర్న్‌కు, నాచుకు మూత మంచిది. బ్రహ్మజెముడు జాతిని మూతపెట్టిన సీసాలో పెంచితే కుళ్ళుతుంది.

ఇంతా విని ఆమె, "మొక్కకు ఇంత సూసుకున్నోళ్ళు మనిషికి సూసుకోకపోయిరి" అన్నది. ఆమె పెద్దకొడుకు పదకొండేళ్ళుగా దుబాయిలో ఉన్నాడు. ఆ ఇల్లు అతని సంపాదనతో కట్టిందే. గృహప్రవేశానికి అతనికి సెలవు దొరకలేదు.