కిప్స్ ఉపకరణం ఉన్న ల్యాబ్

నేను బీఎస్సీ పిల్లలకు సాల్ట్ అనాలిసిస్ చెప్పే రోజుల్లో కెమిస్ట్రీ ల్యాబ్ ఎటు అని కొత్తవాళ్లు కూడా అడిగేవారు కాదు. కుళ్లిన కోడిగుడ్డు వాసనే దారి చూపేది. హైడ్రోజన్ సల్ఫైడ్ అది, విషవాయువు. డెల్ఫ్ట్ పట్టణపు ఔషధ వ్యాపారి పెట్రస్ కిప్ 1844 ప్రాంతంలో రూపొందించిన గాజు ఉపకరణంలో ఐరన్ సల్ఫైడ్ ముక్కలకు ఆమ్లం తగిలితే పుట్టేది. కొళాయి కట్టేస్తే ఆ వాయువు ఒత్తిడే ఆమ్లాన్ని వెనక్కి నెట్టి చర్యను ఆపేస్తుంది. ఎంత గొప్ప అమరిక!

సాల్ట్ అనాలిసిస్‌లో ఆ వాయువు సాయంతో లోహాలను గ్రూపులుగా విడదీసే క్రమానికి పాఠ్యరూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు జర్మన్ రసాయనవేత్త ఫ్రెజీనియస్. 1841లో తన పుస్తకం వెలువడేనాటికి ఆయనకు ఇంకా పాతికేళ్లు కూడా లేవు. ముందు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే వెండి, సీసం తెల్లగా అడుగుకు దిగుతాయి. వడగట్టిన ద్రవంలోకి హైడ్రోజన్ సల్ఫైడ్ పంపితే రాగి నల్లగా, కాడ్మియం పసుపుపచ్చగా దిగుతాయి. అదే ద్రవంలో జింక్ ఉన్నా కదలదు. ఆమ్లం ఉండగా సల్ఫైడ్ అయాన్లు దానికి చాలవు. క్షారం కలిపాకే దిగుతుంది. ద్రావణీయతా లబ్ధాన్ని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాసినా అర్థంకాని పిల్లలకు ఇక్కడ అర్థమయ్యేది. అందుకే సిలబస్‌లో ఈ ప్రాక్టికల్స్ కుదిస్తామంటే నేను ఒప్పుకోను.