సెహన్‌లో లేచిన గోడ

మా పాతబస్తీ ఇంట్లో ఓపెన్ హాల్ కావాలని పిల్లలు పట్టుబట్టారు. వంట, భోజనం, కూర్చోవడం అంతా ఒకేచోట ఉండాలట. మేస్త్రీ వచ్చి మధ్యగోడ గిలాబు రాల్చి చూశాడు. "సాబ్, చుట్టూ గోడలన్నీ డంగు సున్నం. ఇదొక్కటే సిమెంట్" అన్నాడు.

ఆ గోడకో తారీఖ్ ఉంది.

హైదరాబాద్‌లో దేవిడీ అంటే మొదట గుమ్మం. తర్వాత దాని వెనకున్న హవేలీకే ఆ పేరొచ్చింది. ముందు మర్దానా, లోపల జనానా, మధ్య ఆకాశానికి తెరుచుకున్న సెహన్, దాని అంచున స్తంభాల దాలాన్. మాది దేవిడీ కాదు, నౌకరీపేషా ఖాందాన్ ఇల్లు. నక్షా మాత్రం అదే, చిన్న సైజులో. దాలాన్‌కు తలుపుల్లేవు. చిల్మన్ దించితే గది, ఎత్తితే సెహన్‌లో భాగం. దస్తర్‌ఖాన్ అక్కడే, వేసవి రాత్రుల మంచాలూ అక్కడే. అంటే పిల్లలడిగే హాల్ మనకు కొత్త కాదు. అయితే ఇల్లంతా అందరిదీ కాదు. మర్దానాలో దాదీమా కాలుపెట్టడమే అరుదు.

1948 సెప్టెంబర్‌లో నిజాం హుకూమత్ ముగిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దార్లతోపాటు వాళ్ల మున్షీలు, నౌకర్ల రోజీ కూడా పోయింది. దేవిడీలు ముక్కలై అమ్ముడుపోయాయి. సాలార్‌జంగ్‌ల దివాన్ దేవిడీలో 1951లో మ్యూజియం తెరిచారు. 1968లో అది ఇప్పటి భవనానికి మారింది. దేవిడీ జాగాలో ఇప్పుడు దుకాణాలు, గుర్తుగా కమాన్లు.

మా దాదా జాగీర్ దఫ్తర్‌లో మున్షీ. ఆయన ఇంతెఖాల్ తర్వాత అబ్బా, చిచ్చా సెహన్ మధ్య ఈ సిమెంట్ గోడ కట్టి చెరో హిస్సా తీసుకున్నారు. షరియత్ ప్రకారం అన్నదమ్ములకు రెండేసి వంతులైతే ఫుప్పూకు ఒక వంతు రావాలి. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఆమె కూడా అడగలేదు.

చిచ్చా హిస్సా మేం కొనుక్కున్నాం కాబట్టి గోడ కొట్టేయొచ్చు. సెహన్ మీద స్లాబ్ వేస్తే పెద్ద హాల్ అవుతుందని మేస్త్రీ సలహా. అమ్మీ ఒప్పుకోలేదు. "దీవార్ తోడో బేటా, ఆస్మాన్ బంద్ నక్కో కరో" అంది. అందుకే దాలాన్‌ను వెనక్కి పెంచి బావర్చీఖానాతో కలుపుతున్నాం. సెహన్ అలాగే ఉంటుంది.

ఫుప్పూ ఇప్పుడు లేరు, ఆమె పిల్లలున్నారు. ముందు వాళ్లతో కూర్చుని హిసాబ్ తేల్చుకోవాలి. అందాకా మేస్త్రీని ఆగమన్నాను.